ఇంటికి తెప్పించుకునే కంప్యూటర్: గుంటూరు, విజయవాడ వాసులకు ఆర్డరు నుంచి అటక దాకా

వారపత్రికల చివరి పేజీల్లో వీపీపీ (పార్సెల్ అందినప్పుడు పోస్టుమాన్‌కు డబ్బు కట్టే పద్ధతి) ప్రకటనలు వచ్చిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. కార్డు ముక్క రాసి పడేస్తే కొన్నాళ్లకు పార్సెల్ వచ్చేది. డబ్బు కట్టిన తరువాతే దాన్ని విప్పి చూసుకునే వీలు. ఇప్పుడు ఫోనులో నాలుగు చోట్ల వేలు ఆనిస్తే కంప్యూటర్ గుమ్మంలోకి వస్తోంది కానీ, ఆ బేరం స్వభావం మాత్రం మారలేదు. అంగట్లో మనం వస్తువును కొంటాం. దూరం నుంచి తెప్పించుకునేటప్పుడు వస్తువు గురించి రాసిన మాటలను కొంటాం. ఆ మాటలు ఎంత గట్టివైతే మన బేరం అంత గట్టిది.

ఈ సంగతి నాకు డబ్బు పోయాక తెలిసింది. గుంటూరు అరండల్‌పేటలో నాది డీటీపీ పని, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చి అచ్చుకు సిద్ధం చేయడం. మా మేనకోడలు ఇంజనీరింగులో చేరినప్పుడు ఒక అమ్మకందారు దగ్గర "ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, కొత్త డెస్క్‌టాప్" అని చూసి, ధర నచ్చి ఆర్డరు పెట్టాను. వచ్చింది. ఆన్ అయింది. రెండు రోజుల తరువాత లోపలి వివరాలు చూస్తే అందులో ఉన్నది ఐ5-3470, అంటే 2012లో ఇంటెల్ కంపెనీ విడుదల చేసిన ప్రాసెసర్ (కంప్యూటర్‌కు మెదడు లాంటి చిప్పు). ఫోను చేస్తే "ఐ5 అన్నాం, ఐ5 పంపాం" అన్నారు. బిల్లు తీసి చూశాను. "డెస్క్‌టాప్ కంప్యూటర్, 1" అని తప్ప మరో ముక్క లేదు. వాదించడానికి నా చేతిలో ఒక్క అక్షరం కూడా లేదు. అప్పటి నుంచి బంధువులకూ, పక్క దుకాణాల వారికీ ఎవరికి కంప్యూటర్ తెప్పించినా ఇక్కడ రాసిన వరుస తప్పకుండా పాటిస్తున్నాను. ఇందులో ఎక్కువగా డెస్క్‌టాప్ గురించే చెబుతాను. ల్యాప్‌టాప్‌కూ చాలావరకు ఇదే పద్ధతి.

మొదటి అడుగు: ఏ పనికో తేల్చుకోండి

ఇది కాగితం మీద రాయాల్సిన పని. ఉత్తరాలు, లెక్కలు, జీఎస్టీ రిటర్నులు, పిల్లల ఆన్‌లైన్ పాఠాలు మాత్రమే అయితే నాలుగు కోర్ల (కోరు అంటే ప్రాసెసర్‌లో విడిగా పనిచేసే భాగం) కొత్త తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది. నన్నడిగితే 16 జీబీ పెట్టించుకోమంటాను. వీడియో ఎడిటింగ్, భవనాల డిజైన్, పెద్ద ఆటలు అయితే విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలి, ఖర్చు లెక్క మొత్తం మారిపోతుంది.

మా వృత్తిలోని వారికి ఒక ప్రత్యేక హెచ్చరిక. కొన్ని పాత డీటీపీ సాఫ్ట్‌వేర్లు కంప్యూటర్ వెనక తగిలించే చిన్న లాక్ ఉంటేనే తెరుచుకుంటాయి. ఆ లాక్ పాత ప్రింటర్ పోర్టుకు సరిపోయేది అయితే, కొత్త మదర్‌బోర్డుల్లో (భాగాలన్నీ బిగించే ప్రధాన బోర్డు) ఎక్కువ వాటికి ఆ పోర్టే ఉండదు. ఆర్డరు పెట్టే ముందే సాఫ్ట్‌వేర్ అమ్మినవారిని అడిగి, యూఎస్‌బీ లాక్‌కు మార్చుకోవచ్చేమో కనుక్కోండి. కొత్త యంత్రం వచ్చాక పాత ఫైళ్లు తెరుచుకోక ఆర్డర్లు ఆగిపోయిన దుకాణాలను చూశాను.

రెండో అడుగు: ముందు మన ఊరి ధర తెలుసుకోండి

విజయవాడలో గవర్నరుపేట, బందరు రోడ్డు వైపు, గుంటూరులో అరండల్‌పేట, బ్రాడీపేట వైపు కంప్యూటర్ దుకాణాలకు కొదువ లేదు. రెండింటిలో అడిగి, విడిభాగాల పేర్లతో కొటేషన్ రాయించుకోండి. దూరం నుంచి తెప్పిస్తే ఎంత మిగులుతుందో అప్పుడే తెలుస్తుంది. 50,000 రూపాయల యంత్రం మీద తేడా రెండు వేల లోపే ఉంటే ఊళ్లోనే కొనండి. రేపు ఏదైనా చెడితే క్యాబినెట్‌ను స్కూటర్ మీద పెట్టుకుని వెళ్లి అడగగలగడం ఆ రెండు వేల కంటే విలువైనది. తేడా అయిదారు వేలు దాటినా, మీకు కావలసిన మోడల్ ఇక్కడ దొరకకపోయినా అప్పుడు తెప్పించుకోవడంలో అర్థం ఉంది.

మానిటర్ మాత్రం వీలైనంత వరకు ఊళ్లో, వెలిగించి చూసి కొనమంటాను. అది గాజు వస్తువు. లారీలో వచ్చేటప్పుడు పగిలే అవకాశం మిగతా వాటికంటే ఎక్కువ. తెర మీద ఒకటి రెండు చుక్కలు వెలగకపోతే చాలా కంపెనీలు దాన్ని లోపంగా లెక్కించవు, ఇన్ని చుక్కలు దాటితేనే మారుస్తామని నియమం పెట్టుకుంటాయి. కీబోర్డు కూడా వేళ్లతో కొట్టి చూసి తీసుకోవాల్సిందే.

మూడో అడుగు: రాసిన వివరాలను చదవడం

ఈ అడుగులో తొందరపడితే మిగతా అన్నీ వృథా. అందుకే కాస్త విస్తారంగా చెబుతాను.

ప్రాసెసర్ దగ్గర "ఐ5" అని మాత్రమే రాసి ఉంటే అక్కడితో ఆ పేజీ వదిలేయండి. పూర్తి సంఖ్య కావాలి. ఐ5-3470లో మొదటి అంకె 3, అంటే మూడో తరం. ఐ5-12400లో మొదటి రెండంకెలు 12, అంటే పన్నెండో తరం, 2022 నాటిది. రెండూ ఐ5లే. మొదటిదానిలో నాలుగు కోర్లు, రెండోదానిలో ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపించగల పనుల వరుసలు). పదేళ్ల దూరం ఆ ఒక్క సంఖ్యలో దాగి ఉంది. పన్నెండో తరం ఐ3 కూడా మూడో తరం ఐ5ను సునాయాసంగా దాటిపోతుంది. మదర్‌బోర్డు దగ్గర హెచ్61 అని కనిపిస్తే అది 2011 నాటి చిప్‌సెట్ (ఏ ప్రాసెసర్ సరిపోతుందో నిర్ణయించే బోర్డు మీది చిప్పు), అందులో రెండో, మూడో తరం ప్రాసెసర్లే కూర్చుంటాయి. బోర్డు నిన్న తయారైనదే కావచ్చు, ప్రాసెసర్ మాత్రం చాలావరకు పాత యంత్రం నుంచి ఊడదీసినదే అయి ఉంటుంది. "కొత్త డెస్క్‌టాప్" అనే మాటను అమ్మకందారు ఈ సందులోంచే నడిపిస్తాడు.

దీనివల్ల వచ్చే ఇబ్బంది వేగం ఒక్కటే కాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా తరువాతిది, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. మూడో తరం యంత్రంలో ఎవరైనా విండోస్ 11 ఎక్కించి పంపారంటే అడ్డదారిలో ఎక్కించినట్టే.

సంఖ్య చివరి అక్షరం కూడా చూడండి. ఐ5-12400, ఐ5-12400ఎఫ్ ఒకటి కావు. ఎఫ్ ఉన్నదానిలో తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ భాగం ఉండదు. విడిగా కార్డు లేకపోతే మానిటర్ నల్లగానే ఉంటుంది. ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీలో రైజెన్ 5 5600జీకి ఆ భాగం ఉంది, రైజెన్ 5 5600కు లేదు. ధర తక్కువని ఎఫ్ రకం ఎంచుకుని, కార్డు కొనకుండా ఆర్డరు పెట్టి, యంత్రం చెడిపోయి వచ్చిందనుకుని నాకు ఫోను చేసినవారు ఇద్దరున్నారు.

ర్యామ్ ఎన్ని జీబీలో చెబితే చాలదు. పాత రకం డీడీఆర్4నా, కొత్త రకం డీడీఆర్5నా, ఒకే పలకా లేక రెండా అన్నది కావాలి. గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రంలో 16 జీబీ పలక ఒకటి పెట్టడం కంటే 8 జీబీవి రెండు పెడితే వేగం బాగుంటుంది. ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే భాగం) దగ్గర వేగమైన ఎన్‌వీఎంఈ రకమా, దానికంటే నెమ్మదైన సాటా రకమా అని అడగండి. ఎం.2 అనేది దాని ఆకారం పేరు మాత్రమే, ఆ ఆకారంలో రెండు రకాలూ వస్తాయి. ఇక్కడ ఒక అనవసరపు భయం కూడా తీరుస్తాను. 512 జీబీ ఎస్ఎస్‌డీని విండోస్ 476 జీబీగా చూపిస్తుంది. మోసం కాదు, కంపెనీ వెయ్యి చొప్పున లెక్కిస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది.

యంత్రానికి కరెంటు అందించే డబ్బా ఎస్ఎంపీఎస్‌ను అందరూ మరిచిపోతారు. వివరాల్లో "450 వాట్లు" అని రాసి కంపెనీ పేరు రాయకపోతే అది క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే రకం అనుకోవచ్చు. మన దగ్గర వేసవిలో ఏసీలన్నీ ఒక్కసారి ఆన్ అయ్యే సాయంత్రాల్లో కరెంటు ఎలా ఊగుతుందో అందరికీ తెలుసు. ఆ ఊగిసలాటను ముందుగా భరించేది ఈ డబ్బానే. పేరున్న కంపెనీది, 80 ప్లస్ గుర్తు (కరెంటును తక్కువ వృథా చేస్తుందని చెప్పేది) ఉన్నది అడగండి. వెయ్యి రూపాయలు ఎక్కువైనా ఇక్కడ పొదుపు చేయవద్దు. క్యాబినెట్ కూడా ముందు వైపు జాలీ ఉన్నది ఎంచుకోండి. రంగు దీపాలు, ముందు మొత్తం గాజు పలక ఉన్నవి ఫొటోలో అందంగా ఉంటాయి కానీ, మే నెలలో గది వేడికి తోడు లోపలి వేడి బయటికి పోక యంత్రం నెమ్మదిస్తుంది.

ఇంకో రెండు చిన్న విషయాలు. చాలా డెస్క్‌టాప్ మదర్‌బోర్డుల్లో వైఫై ఉండదు, పేజీలో ఆ మాట లేకపోతే లేదనే అనుకోండి. "విండోస్ ట్రయల్" లేదా "డాస్" అని రాసి ఉంటే విండోస్ లైసెన్సు ధరలో కలపలేదని అర్థం.

మాటల దగ్గర ఒక జాగ్రత్త. మన ఊళ్లలో పెట్టె మొత్తాన్ని "సీపీయూ" అంటాం. "సీపీయూ 12 నెలల వారంటీ" అని రాసి ఉంటే పెట్టె మొత్తానికా, లోపలి ప్రాసెసర్‌కేనా అని అడిగి తేల్చుకోండి. మీరు రాసేటప్పుడు పెట్టెను క్యాబినెట్ అనీ, చిప్పును ప్రాసెసర్ అనీ వేరువేరుగా రాయండి.

నాలుగో అడుగు: అమ్మేది ఎవరు?

పెద్ద వెబ్‌సైటులో కొన్నా, చాలాసార్లు అమ్మేది ఆ వెబ్‌సైటు కాదు, దాని మీద దుకాణం తెరిచిన వేరొకరు. ధర కింద చిన్న అక్షరాల్లో ఆ పేరు ఉంటుంది. దాని మీద నొక్కి చిరునామా చూడండి. కంప్యూటర్ కంపెనీల సొంత వెబ్‌సైట్లు, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్, బెంగళూరు ఎస్‌పీ రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్ వంటి చోట్ల నుంచి విడిభాగాలు బిగించి పంపే దుకాణాలు, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

జీఎస్టీ నంబరు అడగండి. 15 అక్షరాలుంటాయి. మొదటి రెండంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి: ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36, కర్ణాటకకు 29, తమిళనాడుకు 33. హైదరాబాద్ దుకాణమని చెప్పుకుంటూ 36తో మొదలుకాని నంబరు ఇస్తే కారణం అడగాల్సిందే. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే సంస్థ అసలు పేరు, నమోదు ఇంకా అమలులో ఉందో రద్దయిందో కనిపిస్తుంది. రెండు నిమిషాల పని, రుసుము లేదు. కంప్యూటర్ మీద జీఎస్టీ 18 శాతం. మన రాష్ట్రంలోంచే వస్తే సగం సగంగా రెండు పద్దులు, వేరే రాష్ట్రం నుంచి వస్తే ఐజీఎస్టీ అని ఒకే పద్దు బిల్లులో కనిపించాలి. "జీఎస్టీ లేకుండా అయితే ఇంత తగ్గిస్తాం" అన్నవారి దగ్గర కొనకండి. బిల్లు లేని వస్తువుకు వారంటీ అడిగే దారీ, ఫిర్యాదు చేసే దారీ రెండూ మూసుకుపోతాయి. మీకు జీఎస్టీ నమోదు ఉంటే ఆర్డరు సమయంలోనే మీ నంబరు ఇవ్వండి. బిల్లు పుట్టాక మార్పించడం కష్టం, అది లేకుండా కట్టిన పన్నును మీ ఖాతాలో సర్దుబాటు చేసుకోలేరు.

వారంటీలో మూడు రకాలున్నాయి. మనిషి ఇంటికొచ్చి బాగుచేసేది, మనం సర్వీసు కేంద్రానికి తీసుకెళ్లేది, మనమే పార్సెల్ కట్టి దుకాణానికి తిరిగి పంపేది. మీ పిన్‌కోడుకు ఏది వర్తిస్తుందో అడగండి. ఇంటికొచ్చే వారంటీ హైదరాబాద్ నగరానికే పరిమితమై, 522తో మొదలయ్యే పిన్‌కోడుకు వర్తించకపోవచ్చు. పెట్టెలో అమ్మే ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు తయారీదారు మూడేళ్ల వారంటీ ఇస్తారు. పెట్టె లేకుండా విడిగా వచ్చే వాటికి దుకాణం ఇచ్చే మాటే ఆధారం. అందుకే విడిభాగాలు బిగించి పంపేవారిని ప్రతి భాగం ఖాళీ పెట్టెనూ కూడా పంపమని అడగండి. మంచి దుకాణాలు అడగకుండానే పంపుతాయి.

ఇలా నేరుగా ఆర్డరు తీసుకుని కంప్యూటర్ బిగించి పంపే వ్యాపారం కొత్తది కాదు. 1984లో అమెరికాలోని ఆస్టిన్‌లో చదువుకుంటూ మైకేల్ డెల్ ఈ పద్ధతిలోనే కంపెనీ మొదలుపెట్టాడు. ఆ కంపెనీ యంత్రం ప్రతిదానికీ సర్వీస్ ట్యాగ్ అనే సంఖ్య ఉంటుంది. వెబ్‌సైటులో ఆ సంఖ్య కొడితే ఫ్యాక్టరీ నుంచి బయలుదేరినప్పుడు లోపల ఏ భాగాలున్నాయో జాబితా వస్తుంది. మా మేనకోడలి యంత్రం విషయంలో నాకు లేకపోయింది సరిగ్గా ఆ జాబితానే. చిన్న దుకాణం దగ్గర కొంటే అటువంటి జాబితాను మనమే రాయించుకోవాలి.

ఐదో అడుగు: డబ్బు కట్టక ముందే ఉత్తరం

ఫోనులో ఎంత మర్యాదగా మాట్లాడినా సరే, మాట్లాడినదంతా మెయిల్‌లో లేదా సందేశంలో రాసి పంపి, జవాబు వచ్చేదాకా ఆగండి. నేను రాసే ఉత్తరం ఇలా ఉంటుంది:

"నమస్కారం. ఈ రోజు ఫోనులో అనుకున్న ప్రకారం నాకు కావలసినవి: ప్రాసెసర్ ఐ5-12400, పెట్టెతో కొత్తది. మదర్‌బోర్డు కంపెనీ, మోడల్ పేరు మీరు రాయగలరు. డీడీఆర్4 ర్యామ్ 8 జీబీవి రెండు. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ 512 జీబీ. ఎస్ఎంపీఎస్ 80 ప్లస్, కంపెనీ పేరుతో. అన్ని భాగాలూ కొత్తవేనా, ఒక్కొక్కదానికి వారంటీ ఎన్నేళ్లు, ఎవరిస్తారు? బిల్లులో భాగాల పేర్లు, సీరియల్ నంబర్లు విడివిడిగా వేస్తారా? రవాణాలో దెబ్బతింటే బాధ్యత ఎవరిది? వచ్చేసరికే పనిచేయకపోతే ఎన్ని రోజుల్లో చెప్పాలి, తిరిగి పంపే ఖర్చు ఎవరు భరిస్తారు? మొత్తం ధర పన్నులు, రవాణాతో కలిపి ఎంత?"

దీనికి సూటిగా జవాబు రాసినవారు నిజాయతీగల వ్యాపారులు. "అన్నీ చూసుకుంటాం సార్, ముందు అడ్వాన్స్ వేయండి" అన్నవారిని వదిలేయండి. పెద్ద వెబ్‌సైటులో కొంటే ఈ ఉత్తరం బదులు ఆ పేజీ మొత్తాన్ని, వాపసు నియమాల పేజీతో సహా, పీడీఎఫ్‌గా దాచుకోండి. పేజీలో వివరాలు ఆర్డరు తరువాత మారిపోవచ్చు. "7 రోజుల్లో మార్పిడి మాత్రమే" అంటే డబ్బు వాపసు రాదని అర్థం, దాన్ని "7 రోజుల వాపసు" అని చదువుకోకండి.

ఆరో అడుగు: డబ్బు

క్రెడిట్ కార్డు ఉంటే దానితోనే కట్టండి. వస్తువు రాకపోయినా, వేరేది వచ్చినా బ్యాంకులో ఆ లావాదేవీ మీద వివాదం నమోదు చేయించవచ్చు. యూపీఐలో వెళ్లిన డబ్బును వెనక్కి రప్పించడం అంత తేలిక కాదు. యూపీఐ తప్పదంటే, పిన్ కొట్టే ముందు తెర మీద కనిపించే పేరు జీఎస్టీ పోర్టల్‌లో చూసిన సంస్థ పేరుతో సరిపోవాలి. ఎవరో వ్యక్తి పేరు వస్తే ఆగిపోండి. "ఇది మా మేనేజరు ఖాతా" అనే సమాధానాన్ని అంగీకరించకండి.

వడ్డీ లేని ఈఎంఐ అన్నప్పుడు కూడా బ్యాంకు వడ్డీ లెక్క కడుతుంది, ఆ మేరకు ధరలో ముందుగా తగ్గిస్తారు. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము మనమే కట్టాలి. డబ్బు ఉంటే ఒకేసారి కట్టడం మంచిది.

ఏడో అడుగు: ఎప్పుడు, ఎక్కడికి?

వాపసు గడువు వస్తువు చేతికందిన రోజు నుంచి లెక్క. సంక్రాంతికి సొంతూరు బయలుదేరే ముందు ఆర్డరు పెడితే పార్సెల్ పక్కింటివారి దగ్గర పడి ఉంటుంది, పండుగ చేసుకుని వచ్చేసరికి ఏడు రోజుల్లో అయిదు అయిపోతాయి. దసరా తగ్గింపుల్లో కొన్నా సరే, వచ్చిన వారంలో మీరు ఇంట్లో ఉండేలా చూసుకోండి.

చిరునామాలో డోరు నంబరు, వీధి లైను, దగ్గరి గుర్తు తప్పనిసరి. బ్రాడీపేటలో లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు రెండూ రాయకపోతే పార్సెల్ కుర్రాడు తిరగలేక "ఇంట్లో లేరు" అని రాసి తిప్పి పంపేస్తాడు. సికింద్రాబాద్ దుకాణాల నుంచి కొన్నిసార్లు ఆర్టీసీ కార్గోలో వస్తుంది. విజయవాడ వారు పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌కు, గుంటూరు వారు ఎన్‌టీఆర్ బస్ స్టేషన్‌కు వెళ్లి తెచ్చుకోవాల్సి రావచ్చు. అక్కడ పెట్టె మూలలు నలిగి ఉంటే సంతకం పెట్టేముందే ఫొటో తీసి, రసీదు మీద "పెట్టె దెబ్బతిని ఉంది" అని రాయండి. 50,000 రూపాయలు దాటిన సరుకును జీఎస్టీ ఉన్న వ్యాపారి పంపితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) ఉండాలి, అది ఉందో లేదో బయలుదేరే ముందే అడగండి.

ఎనిమిదో అడుగు: విప్పడం

గుమ్మం దగ్గర ఓటీపీ అడుగుతారు. పెట్టె విప్పి చూపించే డెలివరీ ఎంచుకుని ఉంటే, విప్పి చూశాకే ఓటీపీ చెప్పండి. వారు తొందరపెట్టినా మీరు తొందరపడకండి.

ఇంట్లో ఇద్దరుండాలి. ఒకరు వీడియో తీయాలి, ఒకరు విప్పాలి. వీడియో మధ్యలో ఆపకుండా ఒకటే ముక్కగా ఉండాలి: ముందు ఆరు వైపులా, చిరునామా చీటీ, టేపు చెక్కుచెదరలేదని, తరువాత కత్తితో కోయడం, లోపలి వస్తువులు, వాటి సీరియల్ నంబర్లు బిల్లు పక్కన పెట్టి. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టిన వీడియోను అమ్మకందారు సులభంగా కొట్టిపారేస్తాడు.

ప్లగ్గు పెట్టే ముందు క్యాబినెట్ పక్క తలుపు తీయండి. దూరం నుంచి వచ్చిన యంత్రంలో ఇది తప్పదు. గ్రాఫిక్స్ కార్డు కదలకుండా కొందరు లోపల నురుగు దిండు పెడతారు, అది తీయకుండా ఆన్ చేస్తే ఫ్యాన్లు ఇరుక్కుంటాయి. రోడ్డు కుదుపులకు ర్యామ్ పలక వదులై ఉండవచ్చు, కూలర్ ఒక పక్కకు ఒరిగి ఉండవచ్చు. విడిపోయి దొర్లుతున్న మర ఒకటి దొరికినా ఆన్ చేయకుండా ఫొటో తీసి అమ్మకందారుకు పంపండి. వారంటీ సీలు తలుపు మీదే అంటించి ఉంటే చింపకండి, తెరవవచ్చని వారి చేత రాతపూర్వకంగా అనిపించుకున్నాకే తెరవండి.

క్యాబినెట్‌ను నేల మీద పెట్టవద్దు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగిన సంగతి విజయవాడలో ఎవరూ మరిచిపోరు. అంత నీరు రాకపోయినా, ఇల్లు కడిగే నీళ్లూ నేల దుమ్మూ చాలు యంత్రాన్ని పాడుచేయడానికి. ఎర్తింగ్ సరిగా ఉన్న ప్లగ్గు, యూపీఎస్ రెండూ ముందే సిద్ధంగా ఉండాలి.

తొమ్మిదో అడుగు: వాపసు గడువు లోపలే పరీక్ష

గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ తీగను ఆ కార్డుకే తగిలించండి, మదర్‌బోర్డుకు కాదు. విండోస్ తెరుచుకోగానే టాస్క్ మేనేజర్‌లో పనితీరు పేజీ చూడండి. ప్రాసెసర్ పూర్తి సంఖ్య, ర్యామ్ ఎన్ని పలకల్లో ఉందో, ఎస్ఎస్‌డీ పేరు అక్కడే ఉంటాయి. ఉత్తరంలో రాసినదానితో ఒక్కొక్కటి సరిచూసి ఫొటో తీసుకోండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎస్ఎస్‌డీ ఇప్పటివరకు ఎన్ని గంటలు నడిచిందో చెబుతుంది. కొత్తదానికి కొద్ది గంటలే ఉండాలి, వందల గంటలు కనిపిస్తే అది వాడినదే. సెట్టింగ్స్‌లో విండోస్ యాక్టివేషన్ చూడండి. విడిభాగాల సీరియల్ నంబర్లను తయారీదారుల వెబ్‌సైట్లలో కొట్టి, వారంటీ ఎప్పుడు మొదలైందో చూడండి. మీరు కొన్న తేదీకి చాలా ముందే మొదలై ఉంటే ఆ భాగం మరెవరి చేతిలోంచో వచ్చి ఉండవచ్చు, అమ్మకందారును రాతపూర్వకంగా వివరణ అడగండి.

ఆ తరువాత వారమంతా యంత్రాన్ని కష్టపెట్టండి. ప్రతి యూఎస్‌బీ రంధ్రంలో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. ఇయర్‌ఫోను, నెట్ తీగ, నిద్రావస్థలోకి పంపి లేపడం, అన్నీ చూడండి. మధ్యాహ్నం ఏసీ లేని గదిలో గంటసేపు పెద్ద వీడియో ఏదైనా ఎడిట్ చేయించండి. తెలుగు టైపు చేసేవారు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకుని ఒక పేజీ కొట్టి, మీ ప్రింటరులో అచ్చు తీసి చూడండి. కొత్త యంత్రంలో లోపం ఉంటే చాలావరకు ఈ మొదటి రోజుల్లోనే బయటపడుతుంది. "మెల్లగా వాడదాం, కొత్తది కదా" అని గుడ్డ కప్పి ఉంచేవారే గడువు దాటాక బాధపడతారు.

పదో అడుగు: తేడా వస్తే

ముందు అమ్మకందారుకు రాయండి, ఫోను కాదు. వీడియో, ఫొటోలు, బిల్లు, మీ ఉత్తరం, వారి జవాబు జతచేయండి. ఏం కావాలో ఒక్క వాక్యంలో చెప్పండి: మార్పిడా, డబ్బు వాపసా. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం ప్రతి ఆన్‌లైన్ అమ్మకపు సంస్థకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పి, నెలలోగా పరిష్కరించాలి. వస్తువు లోపంతో వచ్చినా, ప్రకటించిన వివరాలతో సరిపోకపోయినా వెనక్కి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించకూడదు. మీ ఉత్తరంలో ఈ మాట రాస్తే చాలాసార్లు అక్కడితో పని జరిగిపోతుంది.

జరగకపోతే 1915కు ఫోను చేయండి. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం, తెలుగులో మాట్లాడవచ్చు. డబ్బు తీసుకుని మాయమైన మోసమైతే అది వేరు, ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల నంబరు 1930కు చెప్పాలి. ఎంత త్వరగా చెబితే డబ్బును మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

చివరి దారి జిల్లా వినియోగదారుల కమిషన్. అమ్మకందారు బెంగళూరులో ఉన్నాడు కదా, అక్కడికి తిరగాలా అని చాలామంది ఆగిపోతారు. అవసరం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే, అంటే గుంటూరులోనో విజయవాడలోనో ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువు. వ్యాపారానికి కొన్న వస్తువైతే ఈ చట్టం వర్తించదని ఎదుటివారు అనవచ్చు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం తాను వాడుకునే వస్తువుకు మినహాయింపు ఉందని మా వంటి చిన్న డీటీపీ దుకాణాలవారు గుర్తుంచుకోవాలి.

అన్నీ సరిగ్గా ఉంటే బిల్లును స్కాన్ చేసి మెయిల్‌లో మీకు మీరే పంపుకోండి. అసలు బిల్లు మీద అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి. క్యాబినెట్ వచ్చిన అట్టపెట్టెను పాత సామానువాడికి వేయకండి. లోపలి థర్మోకోల్ ముక్కలు అందులోనే పెట్టి, మీద కొన్న తేదీ, వారంటీ ముగిసే తేదీ మార్కరుతో రాసి, ఆ తేదీ దాటేవరకు అటక మీద ఉంచండి. యంత్రాన్ని తిరిగి పంపాల్సి వస్తే దానికి సరిగ్గా సరిపోయే పెట్టె అదొక్కటే.